గంగుబాయి ఇంటికి బ్రిడ్జి దాటి పోయినందుకు

నా పేరు బాలవ్వ. భర్త పేరు అంతయ్య. వయసు యాభై ఎనిమిదేళ్లు. బీడీలు చుట్టి బతుకుతాను. కరీంనగర్ దగ్గర సాలెవాడలో, నాలాకు ఇవతలి ఒడ్డున ఉంటాను. ఎస్సై గారు అడిగినందుకు ఈ రోజు సోమవారం జరిగింది చెబుతున్నాను.

మా వాడ మధ్యలో నాలా ఉంది. నాలుగేళ్ల కింద వానలకు దాని మీది పాత బ్రిడ్జి కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున గంగుబాయి ఉంటుంది. ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్. కోడలిగా వచ్చిన నాటి నుంచి నాతో కలిసి బీడీలు చుట్టింది. ఆకు ఆమె కత్తిరిస్తే నేను చుట్టేదాన్ని. బ్రిడ్జి పోయాక ఎవరి ఒడ్డున వాళ్లం కూర్చుని, కేకలేసుకుంటూ పని చేశాం. మా ముచ్చట్లు వాడంతా వినేది. కోడళ్ల మీద చాడీలు చెప్పుకునే సుఖం కూడా పోయింది.

పోయిన ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. గ్రానైట్ లారీలు తిరిగే బైపాస్ మీదుగా, ఆటోలో చుట్టు తిరిగి చూడపోయాను. చుట్టంలా పోయి, చాయ్ తాగి లేచి రావాలి. నాకది నచ్చలేదు. ఆమె పక్కన కూర్చోవాలనిపించేది. చాలా అనిపించేది.

సర్కారు డబ్బు పెట్టి కొత్త బ్రిడ్జి కట్టింది. వెడల్పుగా ఉంది, లైట్లున్నాయి, వంక పెట్టలేం. దసరాకు ముందే పని అయిపోయింది. కానీ ప్రారంభించే పెద్దమనిషికి తీరిక లేదని తారు డ్రమ్ములు అడ్డం పెట్టారు. దాటబోతే వాచ్‌మన్ తరిమేవాడు. రోజూ పొద్దున గంగుబాయి గడపలో కూర్చుని ఇటు చూసేది. నేను అటు చూసేదాన్ని.

ఇవాళ డ్రమ్ములు తీసి ఎర్ర రిబ్బన్ కట్టారు. డప్పులవాళ్లూ వచ్చారు. పదకొండింటికి పెద్దమనిషి రావడం లేదని ఫోన్ వచ్చింది. కాంట్రాక్టరు మనిషి సుధాకర్ మళ్లీ డ్రమ్ములు తెమ్మన్నాడు.

"ఇంకెన్నడొస్తడు బిడ్డా?" అన్నాను.

"వచ్చే నెలనో, ఆపై నెలనో. జర ఆగు అవ్వా, గింత తొందరేంది?"

"నేనాగుత. గంగుబాయి ఆగుతదా?"

గంగుబాయి పక్కన కూర్చుని చుడదామని తెచ్చుకున్న నా చేటలో ఆకు కత్తెర ఉంది. దాంతో రిబ్బన్ కత్తిరించి దాటాను. వంగి పోవచ్చు కదా అని ఎస్సై గారు అడిగారు. నా మోకాళ్లు వంగవు. ప్రారంభం చేసినట్టు ఫిర్యాదులో రాశారట. నేనేమీ ప్రారంభించలేదు, నా దోస్తు దగ్గరికి పోయాను. డప్పులవాళ్లు ఏమనుకున్నారో, డప్పులు కొట్టారు. నా వెనకే వాడంతా నడిచింది. అవతలి శంకరవ్వ మా మనుమరాలిని ఎత్తుకుని, "గింత పెద్దగైందా!" అని ఏడ్చింది. నాలుగేళ్ల పిల్లను ఆమె దగ్గర్నుంచి చూడటం ఇదే మొదలు.

గంగుబాయి గడపలో జరిగి నాకు చోటిచ్చింది. ఆమె ఎడమ చెయ్యి లేవదు. కుడి చేత్తో ఆకు పట్టుకుంటే నేను కత్తిరించి చుట్టాను. సాయంత్రం పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

రిబ్బన్ కత్తిరించింది నేనే. ఏ శిక్ష వేసినా సరే. డ్రమ్ములు మాత్రం మళ్లీ పెట్టొద్దు. లేచి వస్తుంటే గంగుబాయి నా కొంగు వదల్లేదు. రేపు పొద్దున వస్తానని చెప్పి విడిపించుకున్నాను.

ఇవి నా నోటితో చెప్పిన మాటలే. చదివి వినిపించారు. అంతా నిజం.

బాలవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర