చుక్కల్లేని పదకొండు నిమిషాలు

ఇంకా గంట టైముంది గదా, కూర్చోండి. నాలుగింటికి గాని హాల్లో కుర్చీలు వెయ్యరు. ఆ గ్లాసు ఇటివ్వు తల్లీ, టీ చల్లారిపోయింది, నా కడుపు మాత్రం మండుతూనే ఉంది.

ఎందుకు మండదూ! మా తోడికోడలికి ఇవాళ సన్మానమట. నక్షత్రాల పట్టికని కాపాడిన మహాతల్లి అట. ఈ అబ్జర్వేటరీకి దాన్ని వేలు పట్టుకుని తెచ్చిందెవరు? నేను. కంప్యూటర్ నల్లతెర ముందు కూర్చోబెట్టి ఏ మాట కొడితే ఏం జరుగుతుందో నేర్పిందెవరు? నేను. సొమ్మొకడిది, సోకొకడిదీ! మా అత్తగారున్న రోజుల్లోనూ ఇంతే. ఇద్దరం కలిసి వండినా "చిన్నదాని చేతిలో ఏముందో గాని" అనేది ఆవిడ. నా చేతిలో గరిటె ఉండేది, దాని చేతిలో పేరుండేది.

"ఆ సన్మానపత్రంలో మీ పేరూ వస్తుందా పెద్దమ్మా?" అంది లైబ్రరీ పిల్ల.

అదీ అడుగు! అదిగో, మూల కూర్చుని రాస్తున్నాడే గుమాస్తా, ఆ పత్రం అతని చేతిలోనే ఉంది. హాల్లో చదివి, అద్దం కట్టించి, గోడకి శాశ్వతంగా వేలాడదీస్తారట. ఏం నాయనా, వింటున్నావా? నేను చెప్పేదాంట్లో సగం రాసినా చాలు, కాని నా పేరు దాని పేరు కంటే పైన ఉండాలి.

"వింటున్నానండీ," అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండానే.

వినండి మరి. ఒకరోజు పెద్ద శాస్త్రవేత్త ఒకాయన వచ్చాడు. ఇరవైమూడు లక్షల నక్షత్రాల పట్టిక మనది, వరసకో నక్షత్రం, దాని నంబరు, దాని చోటు, దాని వెలుగు. బాగా వెలిగే వంద ఏరి ఇమ్మన్నాడు, అంతే. ముందు తనే గళ్ల ప్రోగ్రాములో తెరిచాడు. పది లక్షలు దాటేసరికి దానికి ఆయాసం వచ్చి చక్రం తిప్పడం మొదలెట్టింది. చక్రం తిరుగుతోంది, ఆయన కళ్లూ తిరుగుతున్నాయి. "లేవండి బాబూ" అని నేను కూర్చుని, నల్లతెర తెరిచి, సార్ట్, అంటే వరస పెట్టమని, ఒక్క మాట కొట్టి, వెలుగు ఎన్నో గడిలో ఉందో ఆ అంకె వేసి, పైనుంచి వంద చాలన్నాను. నక్షత్రాలకి అంకె తగ్గేకొద్దీ వెలుగెక్కువ, మా తోడికోడలికి మాటలు తగ్గేకొద్దీ పేరెక్కువైనట్టు. ఎంటర్! ఆయన టీలో పంచదార కరిగేలోపు వందా వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాయి.

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు అద్దాలాయన. టెలిస్కోపు అద్దాలు తుడిచే మనిషి, మచ్చ కనబడకపోతే అతనికి తోచదు.

ఇది తోకేనయ్యా, ఏనుగు వెనకాల వస్తోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయనకి ఆశ పుట్టింది. ఎర్రవి వేరు చెయ్యమన్నాడు. ఒక పైపు గీత పెట్టాను. అంటే ఇటువైపు పని తేలింది అటువైపు పనికి అందించే గీత, ఇటుకలు చేతులు మార్చినట్టు. జంట నక్షత్రాలని విడదీయమన్నాడు, ఇంకో గీత. జంటల్ని విడదీయడం నాకేం సరదా కాదు, ఉద్యోగం. దూరం అన్నాడు, వేగం అన్నాడు, వయసన్నాడు, గీత మీద గీత, నలభై గీతలయ్యేసరికి నా తెర చాల్లేదు. నేను కొట్టిన వరస పక్కవాడి తెర మీదకి పాకి, వరండా దాటి, మెట్లు దిగి, గేటు దగ్గర కాపలా గదిలో ఉన్న తెర మీద పూర్తయింది. అక్కడిదాకా పరిగెత్తుకెళ్లి ఎంటర్ కొట్టొచ్చాను.

"ఆ మోకాళ్లతోనా?"

అప్పటికి అవి కొత్త మోకాళ్లు. మధ్యలో అడ్డు రాకయ్యా. కంప్యూటర్లో ఫ్యాను తిరిగిన తిరుగుడికి బల్ల జానెడు లేచింది, కుర్చీతో సహా నేనూ లేచాను. మనకి పగలు గాని, భూమికి అవతలివైపు రాత్రి గదా, వాళ్లు తలెత్తి చూస్తే ఏముంది? చుక్కలన్నీ బడిపిల్లల్లా వరస కట్టాయి! వెలిగేవి ముందు, గుడ్డివి వెనక. చుక్కల్ని చూసుకుని పోయే ఓడలన్నీ దారితప్పి ఒకే రేవులో తేలాయి. ఇక ఫోన్లే ఫోన్లు, "అమ్మా తల్లీ, ఎక్కడివక్కడ పెట్టెయ్" అని.

"పెట్టేశారా?" అంది లైబ్రరీ పిల్ల.

అక్కడే నా తెలివి చూడండి. తేలినదానికి మళ్లీ వేరే పేరెందుకు, చోటు దండగ అని, తేలింది ఏ ఫైల్లో పడాలో చూపే బాణం గుర్తు పెట్టి, దాని మొన దగ్గర పాత ఫైలు పేరే కొట్టాను. ఎంటర్ నొక్కానో లేదో, సున్నా! పట్టిక సున్నా, పైన ఆకాశం సున్నా. పదకొండు నిమిషాలు ఒక్క చుక్క లేదు. చంద్రుడొక్కడే బిక్కమొహం వేసుకుని, పెళ్లివారు ముందే వెళ్లిపోయిన విడిదింట్లో నిద్రలేచినవాడిలా అటూ ఇటూ చూశాడట.

"అమ్మో! మరెలా?"

ఎలాగేమిటి, ఇరవైమూడు లక్షలూ నాకు నోటికొచ్చు. కుడిచేత్తో టీ గ్లాసు, ఎడమచేత్తో టైపు. పదకొండో నిమిషానికి ఆఖరి చుక్క వేశాను. తొందరలో ఒకటి రెండు ఎక్కువే పడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి, ఎవరూ లెక్కపెట్టుకోలేదు. ఇక మా తోడికోడలు కాపాడిందేమిటో మీరే చెప్పండి! రాయి నాయనా, రాయి!

గుమాస్తా కలానికి మూత పెట్టాడు.

"సున్నా అయిన మాట నిజమే పెద్దమ్మా," అన్నాడు నెమ్మదిగా. "బాణం మొన దగ్గర పాత పేరే పెడితే, రాసుకోవడానికి చోటు కావాలని మిషను ముందు ఆ ఫైలునే తుడిచేస్తుంది. తర్వాత చదవబోతే అందులో ఇంకేముంటుంది? ఎవరు ఎప్పుడు ఏం కొట్టారో అది రాసిపెట్టుకుంటుంది కూడా. నేను చూశాను. మంగళవారం, పదకొండు గంటల పది నిమిషాలు, మీ పేరు మీదే."

అద్దాలాయన ఖాళీ గ్లాసులోంచి ఒక గుటక తాగాడు.

"పాత నకలొకటి మిగిలింది గాని, ఎనిమిది నెలలు చేసిన దిద్దుబాట్లన్నీ పోయాయి. చిన్నమ్మగారు పరిశీలకులు రాసిన కాగితాలన్నీ ముందేసుకుని, ఐదు నెలలు కూర్చుని ఒక్కో వరసా మళ్లీ దిద్దారు. ఎలా పోయిందని రాయమంటారని పొద్దున ఆవిడనే అడిగాను. 'మిషను పొరపాటు అని రాసెయ్యండి' అన్నారు."

విన్నారా దాని పొగరు! మంచితనంలో కూడా నన్ను ముందుకి పోనివ్వదు! ఐదు నెలలు ఇక్కడ పక్క కుర్చీలో కూర్చుంది, ఇంటికెళ్లి నా పక్కనే పొయ్యి దగ్గర నిలబడింది, ఒక్క మాట అనలేదు. ఒక్కసారి నోరు చేసుకుని ఉంటే నేనూ నాలుగంటించి హాయిగా ఉండేదాన్ని గదా!

"ఇప్పుడేం రాయమంటారు మరి?"

ఒక సంగతి చెప్పు నాయనా. ఆ పత్రంలో పట్టిక పోవడం ముందొస్తుందా, తిరిగి రావడం ముందొస్తుందా?

"పోయాకే గదండీ రావడం. పోయింది రెండో వరసలో ఉంది, వచ్చింది ఐదో వరసలో."

అయితే మిషను మాట కొట్టేసి నా పేరు వెయ్యి. లావు అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా. ఉండు, ఉండు, ఇంటిపేరు వద్దు. అది దానిది కూడా.