మడుగులో పడ్డ రేవురాయి

చింతాలని ఓ పడవ మనిషంట. మొగుడు పోయాక తెడ్డు తనే పట్టింది. వాళ్ల రేవులో, మోకాలిలోతు నీళ్లలో, పడవలు కట్టేసే రాయొకటి ఉండేది. అది నిలబడి ఉన్నంతకాలం రేవు పడవోళ్లదే, తాతలనాటి కట్టు. అవతలి గట్టు దివాణంలో దొర ఉన్నాడు చూడండి, వాడి కన్ను పడింది. పడదా మరి, పొలాలు మింగాడు, చెరువు మింగాడు, మిగిలింది ఏరేగా! ఏనుగుతో ఆ రాయిని పెరికించి మడుగులోకి దొర్లించాడంట. "రాయి లేదు, రేవూ లేదు. రేపు పొద్దుగూకేలోపు నిలబెట్టారా మీది, లేదా నాది" అన్నాడంట. అని ఊరుకున్నాడా, మర్నాడు పొద్దున్నే ఏరు దాటొచ్చి ఈ గట్టు మీద కుర్చీ వేయించుకుని కూచున్నాడు.

ఏమైందంటే, పడుచోళ్లంతా మునిగి రాయికి మోకులు కట్టి, పడవలో నించుని లాగారంట. రాయి కదల్లేదు, పడవే ఒరిగింది, అందరూ బుడుంగుమని నీళ్లలో! దొర మనుషులు ఒకటే నవ్వు. అప్పుడు చింతాలు, "ఆపండ్రా! ఎండలకి చెక్క పగలకుండా పడవల్ని నీళ్లలో ముంచి ఉంచుతాం కదా. మొన్న నా పడవలో నీళ్లు తోడేస్తుంటే అది తేలుతూ తేలుతూ, తాడుకి తగులుకున్న మొద్దుని బురదలోంచి పెరుక్కొచ్చింది. నేను లాగానా? నువ్వు లాగావా? పడవల్ని ముంచండి!" అందంట. ముసలి వీరాసామి గుండె బాదుకుని, ఉన్న పడవలూ ముంచుకుంటే రేపు ఏం తింటామే పిచ్చిదానా అంటే, "రేవు పోయాక పడవ పెట్టుకుని ఏం తింటావు మామా, చెక్కా?" అందంట.

సరే, మడుగులో రాయికి సరిగ్గా పైన పెద్ద పడవలు రెండు పక్కపక్కన పెట్టి, అడ్డంగా దూలం వేసి, అంచుదాకా నీళ్లు నింపారు. రాయికి కట్టిన మోకుల్ని బిర్రుగా దూలానికి బిగించారు. ఇక ఆడా మగా, చెంబుతో ఒకరు, కుండతో ఒకరు, తోడరా తోడు! నీళ్లు తగ్గేకొద్దీ పడవలు పైకి తన్నుకొస్తున్నాయి, మోకులు కిర్రుమంటున్నాయి, బుడబుడమని బుడగలొచ్చాయి, రాయి బురద వదిలింది! రెండు పడవల సందున వేలాడదీసుకుని గట్టువైపు లాక్కొచ్చారు. నేల తగిలితే మళ్లీ నింపు, మోకు కురచ చెయ్యి, మళ్లీ తోడు. పొద్దు ఇంకా ఉండగానే మోకాలిలోతుకొచ్చింది. ఊరంతా పట్టి నిలబెట్టారు.

దొర కుర్చీలోంచి లేచి, ఏనుగు లాగిన రాయిని మీరెట్లా ఎత్తార్రా అన్నాడంట. "మేమెత్తలేదు, ఏరెత్తింది. నీళ్లని ఎంత కిందికి తొక్కితే అంత పైకి తంతాయి. దున్నేవాళ్లదే భూమి, పడవ నడిపేవాళ్లదే రేవు. వినబడిందా?" అని నీళ్లలో నించునే చెప్పింది చింతాలు. "దొరా" అని పిలవలేదు, చూశారా!

ఇక దొర ఇంటికి పోవాలిగా. చింతాలు పడవే ఎక్కాడు. ఎక్కగానే పడవ బెత్తెడు దిగింది. రాయి ఎక్కినా దిగుద్ది, దొర ఎక్కినా దిగుద్ది, నీళ్లకి దివాణం ఏం తెలుసు? సరిగ్గా మడుగు మీదికొచ్చేసరికి, "అమ్మా చింతాలూ, కాస్త మెల్లగా" అన్నాడంట. దొర నోట అమ్మా అన్న మాట మీరెప్పుడైనా విన్నారా? గట్టు మీద ఉంటే రాదు. మడుగు మీదికి తీసుకురావాలి.