నీలం టిక్కులు

ముంచింగిపుట్టు అవతలి కొండమీద ఆ రోజు జమున దినం. ఫోన్లోనే రెండేళ్లు ప్రేమించిన మనిషి ఇంటికి మొదటిసారి వచ్చిన అమ్మాయి వాకిట్లోనే ఆగిపోయింది. జమున తల్లి బియ్యం చెరుగుతోంది.

"ఎవుర్తివమ్మా?"

"జమున ఫ్రెండునమ్మా. మాది కురుపాం."

చేట ఆగింది. "మల్లీ మాటాడు."

"ఏటి మాటాడమంటారు?"

"ఈ గొంతే! నా గుంట జమున ఫోన్లోంచి వచ్చే గొంతే."

అమ్మాయి చేట పక్కన కూర్చుంది. "పోయిందని తెలిసినా వాయిస్ మెసేజీలు ఆపలేకపోయానమ్మా. పెట్టినవాటికల్లా నీలం టిక్కులు పడ్డాయి. దెయ్యమై ఇంటందేమోనని బయపడ్డాను. నిజంగా అదే ఇంటే బాగుణ్ణనీ అనుకున్నాను."

"నేనే ఇన్నాను. సిగ్నలొచ్చే బండ కాడికెల్లి నొక్కేదాన్ని. నాకు సదువు రాదు గానీ గొంతయితే అర్తమవుద్ది."

"అన్నీ ఇన్నారా?"

"ముద్దులూ ఇన్నాను."

అమ్మాయి తల దించుకుంది. "పొమ్మంటే పోతానమ్మా."

"పెళ్లి మాటెత్తితే, నాకో మనిషుందమ్మా అనేది. మగోడనుకుని ఊరూరా ఎతికించాను."

తల్లి లేచి లోపలికి వెళ్లి, అన్నం పెట్టిన అడ్డాకు విస్తరి తెచ్చి ఆమె చేతిలో ఉంచింది.

"ఏటమ్మా ఇది?"

"మా ఇంట్లో పోయినోళ్లకి మొదటి ముద్ద జతోళ్లే, మొగుడో పెళ్లామో, పెడతారు. తినడానికి రమ్మని పేరెట్టి పిలవాల."

అమ్మాయి ఒక ముద్ద చేసి ఆకు అంచున పెట్టింది.

"పిలవమ్మా. పొద్దున్నించి నేను పిలుత్తన్నాను. నీ గొంతుకైతే వస్తాది."