నల్లరాయి దగ్గర ఫొటో

1988 వసంతం. జెజు ద్వీపంలో కొత్త జంటలను తిప్పి, ముచ్చటగా నిలబెట్టి ఫొటోలు తీయడం కూడా టాక్సీ డ్రైవర్ల వృత్తిలో భాగమే. బండి నడుపుతున్నది హ్యొన్ మాన్సిక్. వెనుక సీటులో సియోల్ నుంచి వచ్చిన ఇన్హో, అతని భార్య మిసన్.

"ఆ తీరం వద్దు బాబూ. జలపాతానికి పోదాం. అమ్మాయిని ఎత్తుకోండి, తుంపర్లలో తీస్తా."

"పొద్దున్నించీ మూడుసార్లు ఎత్తుకున్నాను డ్రైవర్ గారూ, నడుం పడిపోయింది."

"నేనేమన్నా బియ్యం బస్తానా, ఇన్హో?"

"పోనీ ఆవచేలు? పచ్చగా విరగబూశాయి."

"తీరానికే పోనివ్వండి."

"అక్కడేముంది? ఇసుక."

"దెయ్యాలున్నాయటగా? హోటల్లో ఇంకో డ్రైవర్ అన్నాడు."

"దెయ్యాల్లేవమ్మా. మా అమ్మ దెయ్యమై అయినా వస్తుందేమోనని చిన్నప్పుడు రోజూ వెళ్లి కూర్చునేవాణ్ణి. ఒక్కనాడూ రాలేదు."

"మీ అమ్మగారు...?"

"జలపాతం దగ్గర కమలాపళ్ల తోటలు కూడా బాగుంటాయి."

"మాట మార్చకండి డ్రైవర్ గారూ. మా నాన్న మంచాన పడ్డాడు. ఆ తీరాన, నల్లరాయికి వీపు ఆనించి, కొండవైపు చూస్తూ ఫొటో దిగి రమ్మన్నాడు. అదొక్కటే అడిగాడు. లేకుండా ఏ మొహంతో వెళ్లను?"

"కొండవైపా? అందరూ సముద్రంవైపు..."

"పడుచుతనంలో ఇక్కడే ఏదో సర్కారు దళంలో ఉండేవాడు. నలభై ఎనిమిది చలికాలం. ఆ రాయి దగ్గర కాపలా కాశాడట."

"కాపలా."

"అదేంటి, బండి ఆపారు?"

"తిప్పుతున్నా. తీరానికే."

"చూశావా మిసన్, గట్టిగా అడగాలంతే!"

"దిగండి. ఇదే రాయి. వీపు ఆనించు బాబూ. కాళ్లు ఎడంగా. చేతులు ముందుకి, తుపాకీ పట్టుకున్నట్టు."

"తుపాకీయా?"

"కాపలా కదా! కొండల్లో తిరుగుబాటుదార్లకి తిండి పెట్టామని మమ్మల్నిక్కడ, ఊరు ఊరంతా, చేతులు వెనక్కి కట్టి నిలబెట్టారు. మా తమ్ముడు ఏడిస్తే తుపాకీ మడమతో నెత్తిన కొట్టారు. ఒక్క దెబ్బే. మళ్లీ ఏడవలేదు. తర్వాత వరసగా కాల్చారు. అమ్మ నామీద పడింది. ఒళ్లు చల్లబడేదాకా కదల్లేదు నేను."

"ఇన్హో, వెళ్లిపోదాం పద."

"మా నాన్న... మా నాన్న అలాంటివాడు కాదండీ!"

"అవునని నేనన్నానా? నా దగ్గర రుజువు లేదు. మొహాలు చూళ్లేదు, బూట్లే చూశాను."

"మరెందుకిదంతా? వద్దు. నాకా ఫొటో వద్దు!"

"వద్దంటే కుదరదు. రా, కెమెరా నువ్వే పట్టుకో. అమ్మ పడ్డచోట నేను నిలబడతా. ఆ రాయి దగ్గర్నుంచి మీ నాన్నకి కనబడ్డవాణ్ణి నేను. ఈ ఫొటో చూపించి, గుర్తుపట్టాడో లేదో అడిగి ఉత్తరం రాయి."