దొరసాని గోరీకి మొక్కిన పుంజు

"అవ్వా, మిషనోళ్ల బొందలగడ్డ చుట్టున్న గోడను పుంజుల గోడ అంటరెందుకు?"

అదా? కూసో, చెప్త. ఆ చాట గిట్లియ్యి, ఊకె కూసుంటె నాకు మాట రాదు.

మీ నాయిన రెండేండ్ల పోరడు గప్పుడు. మన కట్టంగూర్ దిక్కు బస్సంటె పొద్దుగాల ఒక్కటే. లూథరన్ గుడి ఎనక పాత బొందలగడ్డ ఉండె. అన్ని తుమ్మచెట్లు, ఒరిగిన గోరీలు. మీ తాత మేకలు ఆడనే మేసేటియి... కాదు కాదు, మీ తాత తమ్మునియి మేకలు, మనయి గొర్లు. అండ్ల ఒక మిషన్ తెల్ల దొరసాని గోరీ. బతికున్నప్పుడు ఊరూరు తిరిగి పసిపోరగాండ్లకు మందులిచ్చిందంట. నేను సూడలే, మా అత్త సూసింది. అందుకే పోరగాండ్లకు జరమొస్తె మనోళ్లంత ఆ గోరీకే మొక్కేటోళ్లు. పసుపు, కుంకుమ, పుంజు. ఆమె కిరస్తానపామె అని ఎవరికి ఫికరుండె?

మీ నాయినకు జరమొచ్చింది. దవాఖానకు గూడ తీస్కపోయినం. నాకు పాణం నిలువలే. నా కొడుకు లేస్తె నీకు పుంజునిస్త తల్లీ అని గోరీ కాడ మొక్కిన. జరమైతె తగ్గింది గని పోరడు బువ్వ ముట్టడు. మొక్కు తీర్చకపోతివి, గందుకే గట్లున్నడని మా అత్త దినాం నా పాణం తీసేది.

గప్పుడే కొత్త పాస్టరయ్య వచ్చిండు. మంచోడే గని పట్టువట్టిండంటె ఇడువడు. తుమ్మలు కొట్టిపిచ్చిండు, ఒరిగిన గోరీలు నిలవెట్టిపిచ్చి సున్నమేపిచ్చిండు, చుట్టు గోడ మొదలువెట్టిండు. మోకాలెత్తు లేశినంక పైసలొడిశినయి. నేను పుంజును సంకల వెట్టుకోని పోతె, ఈడ కోసుడు లేదమ్మా, పసుపు పూసుడు లేదమ్మా అన్నడు. నాకు ఒళ్లు మండింది. వద్దన్నది దొరసానా, నువ్వా అని అడిగిన. అంటుండంగనే పుంజు దుంకి పచ్చి సున్నం మీద ఉరికింది. దాని ఎనక పాస్టరయ్య, ఆయనెనక గుడి పెద్దలు, వాళ్లెనక నేను. పెద్దల పంచెలు తుమ్మ మోడులకు తట్టుకోని... థూ, అది నీకు చెప్పరాదు. ఆఖరుకు పాస్టరయ్యనే పట్టిండు. మీసాల నిండ సున్నం, ఆపుకోలేక నవ్వుతుండు.

"గుడికియ్యమ్మా. ఐతారం వేలం పాట పెడ్తం. పైసలు ఈమె గోడకే."

"మరి మొక్కు ఆమెకు ముట్టుతదా?"

"ఆమె గోడ లేస్తె ఆమెకు గాక ఇంకెవలకు ముట్టుతది?"

మాట నచ్చింది, ఇచ్చొచ్చిన. మా అత్త నెత్తి కొట్టుకున్నది. మొక్కు పుంజు మన పోరని నోట్ల వడకుంటె మొక్కెట్ల తీరుతదే అన్నది. నిజమే గద! ఐతారం పాటల బడిపంతులు మా పుంజు మీదనే పడ్డడు. రూపాయికి బలిసిన పుంజొచ్చే కాలమది. మా అత్త గుంపులకెల్లి దూరి నాలుగు రూపాయలని ఒర్రింది. అందరు నోళ్లు తెరిశిండ్రు. మా పుంజును మేమే కొనుక్కున్నం బిడ్డా! మీ తాత మాతోని మస్తు దినాలు మాట్లాడలే. ఇగ గది సూసి ఊరోళ్లంత అదే పని. మొక్కు పుంజునిచ్చుడు, పాట పాడి మల్ల ఇంటికి తెచ్చుకునుడు. గోడ అట్ల లేశింది.

మా పుంజును కొన్న ఐతారమే కోసి కూర వండిన. పాస్టరయ్యను పిలిస్తె వచ్చిండు. మీ నాయిన ఆయన తొడ మీదెక్కి, ఆయన పల్లెంలకెల్లే బొక్క తీసుకోని చీకిండు. ఇంకోటి కావాలన్నడు. నా మీద ఒర్రుడే గని కంట నీళ్లు ఎరుగని మా అత్త, కొంగు మొకానికడ్డం వెట్టుకున్నది. నేను ఏడ్సుకుంటనే వడ్డించిన. నీ కడుపున పుట్టేటోళ్లు గూడ గట్ల అడిగి అడిగి తినాలె బిడ్డా, సల్లగుండు...