మాల్యాద్రి కారు కమాన్లు

మాల్యాద్రి ఉన్నాడు గదా, వాడికి వాళ్ల నాయన వదిలిపోయిన పాతకారు ఒకటుండేది. ఎప్పటిదో ఏమో, దబ్బున వేస్తే గానీ తలుపు పడేది కాదు. పొలం కంటే దాన్నే బాగా చూసుకునేవాడనుకో. దానికి వెనకాల కమాను కట్టలుంటయ్యి, ఇనప పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించినయ్యి, లారీకున్నట్టే. అవి ఎంత బిరుసంటే, మన వాగుదారిలో పోతే నడుం విరిగి చేతికొచ్చుద్ది. ఏమైందంటే, వాడి పెళ్లాం శేషారత్నానికి అంతకుముందు రెండు కడుపులు నిలవలా. మూడోది నిలిచింది. నిలిచిందిగానీ, డాక్టరమ్మ చూసి, బిడ్డ మాయ కిందికుందమ్మా, కుదుపు తగిలిందా బిడ్డ దక్కదు, నెలలు నిండంగానే మెల్లిగా తీసుకురండి, ఆపరేషను చేస్తానన్నదంట. ఇంక ఆ పిల్ల మంచం దిగితే ఒట్టు. గోడకేసి తిరిగి, పొట్టమీద చెయ్యేసుకుని పడుకునేదంట, పాపం.

మాల్యాద్రి అడ్డరోడ్డు కాడ కమాన్లు కట్టే సుభానీ మేస్త్రీ దగ్గరికి పోయాడు. సాయిబూ, నా కారు ఉయ్యాల ఊగినట్టు పోవాల, ఏం చేస్తావో చెయ్యి అన్నాడంట. సుభానీ కారుకింద దూరి చాలాసేపు చూసి బయటికొచ్చి, చెయ్యొచ్చుగానీ అబ్బయ్యా, కట్ట వెనక కొస వేలాడే బ్రాకెట్టుంది చూడు, దాన్ని కోసి జానెడు వెనక్కి జరిపి వెల్డింగు పెడతా, పొడుగు పట్టీలేస్తా, కొన్ని తీసేస్తా. అప్పుడు మెత్తగా ఊగుద్ది, కానీ బరువు మొయ్యదు. నడిపేదానికి నువ్వు, పడుకున్న అమ్మాయి, పక్కన ఒక మనిషి, అంతే. డిక్కీలో చెంబు కూడా పెట్టబాకు. కాన్పయినాక తీసుకురా, మళ్లీ పాతయ్యే బిగిస్తా అన్నాడు. అన్నట్టే చేశాడు. మాల్యాద్రి ఏం చేశాడో తెలుసా, తనే వెనకసీట్లో పొట్టమీద చెయ్యేసుకుని పడుకుని, మేస్త్రీ చేత వాగుదారిలో నడిపించి చూసుకున్నాడంట. నవ్వబాకండి, నిజం. లేచి మేస్త్రీ చేతులు పట్టుకుని ఏడ్చాడంట.

బయల్దేరే రోజొచ్చింది. పొద్దున్నే శేషారత్నాన్ని దుప్పటితో ఎత్తి సీట్లో పడుకోబెట్టారు. తలకాడ మాల్యాద్రి వాళ్లమ్మ సర్దుక్కూర్చుంది. ఇంకేముంది, పోవడమే. అప్పుడొచ్చింది మేనత్త తులసెమ్మ. ఏరా, మంచిపనికి ముగ్గురు పోతారంట్రా ఎక్కడన్నా, అరిష్టం గాదూ, ఉండు నేనూ వస్తానని ముందుసీట్లో కూర్చుంది. కూర్చుని మళ్లీ తనే, అయ్యో, నలుగురమైతిమే, పాడె మొయ్యను పోయినట్టు నలుగురేందిరా, వరాల్ని పిలువు అన్నది. వరాలంటే మాల్యాద్రి చెల్లెలు. అదొస్తే ఊరికే వచ్చుద్దా? ఆస్పత్రికాడ వండుకోవద్దా? బియ్యంమూట, గిన్నెలు, స్టవ్వు, అన్నీ తెచ్చి డిక్కీలో వేసింది. తను కూర్చోను చోటు లేదు గదా, పడుకున్న శేషారత్నాన్ని లేపి మధ్యలో కూర్చోబెట్టారు. కారు వెనకంతా కిందికి కుంగిపోయింది. ఆ పిల్ల, మావా, మేస్త్రీ ఏం చెప్పాడు అన్నదంట. అంతే అన్నది. మాల్యాద్రి అత్త మొహం చూశాడు. దిగమని ఎట్టా అంటాడు? అన్నాక బిడ్డకేదన్నా అయితే, ఇదిగో, ముగ్గురే పోయావు, నీవల్లే అంటారు గదా. పర్లేదులే, నిదానంగా పోతా అన్నాడు.

వాగు దిగేకాడ మొదటి గుంటలోనే బ్రాకెట్టు వెల్డింగు ఊడింది. వెనకంతా ధబ్బున నేలకి కొట్టుకుంది. మావా అని ఒక్క కేక పెట్టిందంట ఆ పిల్ల. ఎవరిదో ట్రాక్టరు ఆపి, దాని వెనక ట్రక్కులో వేసుకుని, ఆ గుంటల్లోంచే తీసుకుపోయారు. తల్లిని దక్కించారు. బిడ్డ దక్కలా. ఆడపిల్లంట, తలనిండా జుట్టంట. తులసెమ్మ, వరాలు ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేశారు. వచ్చి తులసెమ్మ ఊరంతా చెప్పింది, నేనెక్కకముందే ముగ్గురు కూర్చున్నారు, అప్పుడే తగిలిందమ్మా కీడు అని.

సుభానీ వాగుకాడికే వచ్చి, పాత కట్టలే మళ్లీ బిగించి ఇచ్చాడంట. ఆ కారులోనే పెళ్లాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు మాల్యాద్రి. వాగుదారిలో కారు ఎగిరెగిరి పడతంటే, నిదానంగా పో మావా అని కూడా అనలేదంట ఆ పిల్ల. కారు ఇంటిముందు ఆగింది. వాడు, ఆ పిల్ల, వాళ్లమ్మ, ముగ్గురే దిగారు. వాకిట్లో ఊరంతా ఉన్నాం. తులసెమ్మా ఉంది. ముగ్గురేందిరా అని ఆ రోజు ఎవరూ అడగలా.