బండి మొగానికి పసుపు

ఆదోనిలో ఒక పత్తి మిల్లు. సీజను మధ్యలో ఒక పొద్దున, పెరట్లో ఆవిరి కక్కుతూ ఆగిపోయిన పాత చిన్న లోడరు. పక్కన డ్రైవరు తిక్కయ్య, మెకానిక్కు యేసేపు.

"మూత ముట్టుకోవాకు తిక్కయ్యా! సెయ్యి కాల్తాది. సల్లారనీ."

"యాడ సల్లారేది యేసేపన్నా! బయట లారీవాడు హారను కొడ్తానే ఉండాడు. పత్తిగింజలు ఎత్తకపోతే మేనేజరు సామి నన్నెత్తి గేటు బయట ఏస్తాడు."

"ఏమన్నాడు ఆయప్ప?"

"ఈపొద్దు గన బండి కాగితే తాళం బల్లమీద పెట్టి పొమ్మన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్ల బండిమీద సెప్తాండానంట. నాకు డ్రైవింగే రాదంట."

"వస్తాదా?"

"అన్నా!"

"ఊరికే అడిగినాలే. ఫ్యాను బెల్టు?"

"కొత్తది. మొన్న నువ్వే ఏస్తివి."

"నీళ్ళు?"

"పొద్దున్నే నిండుకు పోసినా. బోరునీళ్ళు గాదు, కాలవనీళ్ళు. బోరువి పోస్తే లోపల సౌడు పడ్తాదని నువ్వే సెప్తివి గదా."

"ఆయిలు కడ్డీ తీసి సూస్తివా? పాల మాదిరి తెల్లగుంటే ఇంజన్లోకి నీళ్ళు దూరినట్ల."

"సూసినా. నల్లగా కాటిక మాదిరి ఉంది."

"పంపు తిరుగుతాంది. పైపులు బాగుండాయి. ఇంగేం రోగం దీనికి?"

"నన్నడిగితే? రోగం సెప్పేది నువ్వు. యాడనో డ్యాము పనిలో అరగదీసి, వేలంలో ఏస్తే రంగు సూసి కొనకొచ్చిరి. పైన పటారం లోన లొటారం. ముసిల్దయిపోయిందని సామికి సెప్పన్నా. నీ మాటయితే ఇంటాడు."

"ముసిల్దయితే రోజంతా కాగాల గదా. ఇది ఎప్పుడెప్పుడు కాగుతాది?"

"పొద్దున్నే. ఒక లారీకి ఎత్తినానో లేదో ఆవిరి. మద్దేనం పైపుతో నీళ్ళు కొట్టి దాని మొగం కడిగితే, ఇంగ సాయంత్రం దాకా ఏమీ అనదు."

"కాగని పొద్దే లేదా?"

"లేదు... ఉండుండు. ఎమ్మిగనూరు తేరునాడు కాగలా. పొద్దు గూకే దాకా ఎత్తినా, సల్లగా ఉండింది. ఆపొద్దు గంపలు మోసే ఆడోళ్ళంతా తేరుకు పోయినారు, నేనొక్కణ్ణే."

"ఆడోళ్ళు లేకపోతే సల్లగుంటాదా? నీ బండీ మన మాదిరేనే!"

"నవ్వులాటగా ఉండాదా నీకు? ఈడ నా పొట్టకూడు పోతాంటే! ఇంగోటుందన్నా. నవ్వాకు. కాగినప్పుడు ఒక వాసనొస్తాది."

"ఏం వాసన? రబ్బరా?"

"పాకం వాసన. అరిసెలు సేసే ఇంట్లో వచ్చినట్ల."

"ఏందీ? సరిగ్గా సెప్పు."

"తియ్య వాసన అన్నా. నిజ్జం."

"ముందర తొట్టి పైకెత్తు. ఎత్తు ఎత్తు. రేడియేటరుకు అడ్డం జాలీ ఉండాల గదా, యాడ పోయె?"

"కొన్నప్పుడే లేదు."

"గుడ్డ లేకుండా బిత్తల నిలబెట్టి నడుపుతాండారా దీన్ని, ఈ పీచులో! పరుపు కుట్టుకోవచ్చు గదరా ఈ పత్తితో. ఈ రేకుల సందుల్లో గాలి దూరితేనే లోపల నీళ్ళు సల్లారేది."

"రోజూ పొరకతో దులుపుతాండా."

"పొరకకు పోయేది పైది. అడుగున సూడు, అట్టు కట్టింది. పచ్చగా... ఏందిది?"

"పసుపు. పూజది. మేనేజరు సామి మంత్రాలయమోళ్ళు గదా, యంత్రానికి పసుపు పెట్టందే తాళం తిప్పనీడు. గంపలోళ్ళలో మా అక్క సెయ్యి మంచిదని రోజూ ఆమెతోనే పెట్టిస్తాడు. తేరునాడొక్కటే ఆమె లేక నేను బొట్టు పెట్టినా."

"బొట్టు పెట్టమంటే ఏలెడంత పెడ్తారు. ఇది గడపకు పూసినట్ల మొగమంతా పూసినారు."

"దేవునిదని నేను గీకలా."

"పసుపు ఎండితే పొడి రాలాల, ఫ్యాను గాలికి నిలబడదు. ఇది గోరుకు రాదే... తిక్కయ్యా, కొంచెం నాలిక్కి పెట్టుకో."

"ఛీ, ఏందన్నా..."

"పెట్టుకో అంటాండా. ఏముంది?"

"తియ్యగ... తియ్యగుంది."

"బెల్లం. బెల్లంనీళ్ళతో కలిపినారు పసుపును. ఎగిరే పీచునంతా పట్టి పెట్టుకుంటాది, ఎండకు అట్లే గట్టి పడ్తాది. మద్దేనం నువ్వు కడిగితే కరిగిపోతాది, మళ్ళా పొద్దున కొత్తది. మా యింట్లో ఈ పూజలు లేవు, నువ్వే సెప్పు. పసుపులో బెల్లం కలిపేది యాడన్నా ఉందా?"

"లేదు."

"పిలువు మీ అక్కను."

"అన్నా, కడిగేద్దాం పా. పైపు తెస్తా. ఇంగ ఎవరికీ..."

"పిలువు తిక్కయ్యా."

"తిమ్మక్కా! ఓ తిమ్మక్కా! ఇట్ల రా!"

"గంప దించనీరా! ఏంటికట్ల అరుస్తావు, పాము సూసినట్ల? ఓ, యేసేపన్న వచ్చినాడా. బాగుండావా అన్నా?"

"బాగుండా తిమ్మక్కా. పసుపు బాగ కలిపినావు."

"ఏం పసుపు?"

"అక్కా, దాంట్లో బెల్లం ఏంటికి ఏస్తివి?"

"బెల్లమా? నైవేద్యం పెడ్తాము గదా, సేతికుండేది తగిలింటాది."

"అక్కా."

"సీమలు తెచ్చింటాయి."

"అక్కా! ఈపొద్దు నా పని పోతాంది! నిజం సెప్పు!"

"ఏంది సెప్పేది? నువ్వు ఆ బండెక్కిన పొద్దు గేరిలో ఇల్లిల్లూ తిరిగి సెప్పుకున్నా, మా తమ్ముడు డ్రైవరయినాడని. ఆ నెలే గంపలు మోసేటోళ్ళను సగం మందిని నిలిపేసిరి. నాతో గంప మోసిన ఈరమ్మ ఇప్పుడు యాడుండాదో తెల్సా నీకు? హొళగుంద పక్క రాళ్ళు కొడ్తాంది, సంటిబిడ్డను ఎండలో పండబెట్టి. పోయేటప్పుడు నన్ను తిడుతుందనుకుంటి. తిట్టలా. 'మీ తమ్ముడు బాగ నడుపుతాండాడక్కా' అని నవ్వింది. మర్సనాటి పొద్దున్నే పసుపులో బెల్లం కలిపినా."

"దానికి నన్ను తీసేయిస్తావా?"

"నిన్ను గాదురా! బండిని! బండి పోవల్లని!"

"బండి పోతే నేను యాడుంటా?"

"గంప ఎత్తుకో. నేను ఎత్తలా? నిన్ను సంకనేసుకొని పెంచినదాన్ని, గంప మోసేది నేర్పియ్యలేనా?"

"నేను గంప మొయ్యల్లనా? డ్రైవరప్పా అని పిలుస్తారక్కా నన్ను. మొదటిసారి ఒక పేరు పెట్టి పిలుస్తాండారు."

"నన్ను ఏయ్ అంటారు. ఇన్నేండ్లూ ఏయ్ అనే అన్నారు. నేను మొయ్యలా?"

"గమ్మునుండండి ఇద్దరూ. సామి వస్తాండాడు. తిక్కయ్యా, ఇట్ల సూడు. ఇది గీకి కడిగి, ముందర ఒక జాలీ కొట్టినామంటే బండి ఇంగ కాగదు. నీ పని నిలుస్తాది. ఇంగ మిగిలిన గంపలోళ్ళు, మీ అక్కతో సహా, ఎన్నాళ్ళుంటారో నాకు తెలీదు. నన్నేం సెప్పమంటావు?"

"నన్నడగాకన్నా."

"ఇంగెవర్నడగాల? బిర్న సెప్పు!"

"తమ్ముడూ, నేనే సెప్తాలే. నేనే సేసినానని..."

"నువ్వు నోరు తెరవాకు!"

"ఏమయ్యా యేసేపూ, తేలిందా? ఆ లారీవాడు నా ప్రాణం తీస్తున్నాడు. తిమ్మమ్మా, గంప వదిలిపెట్టి నీకేం పని ఈడ?"

"అదీ సామీ, నేను..."

"నేనే పిలిస్తి సామీ, నీళ్ళు తెమ్మని."

"సరే. బండి సంగతేంది యేసేపూ?"

"డ్రైవరు సెప్తాడు సామీ."

"వాడు చెప్పేదేముంది? చెప్పరా."

"ఇంజనే పోయింది సామీ. హెడ్డు వంకర పోయింది. ఎంత సేసినా కాగుతానే ఉంటాది. అమ్మేసేది మేలు."

"నిజమా యేసేపూ?"

"నడిపేవాడు సెప్పినాక నేను అడ్డం మాట్లాడను సామీ."

"అమ్మేస్తే నీ గతేంది తిక్కయ్యా?"

"గంప మోస్తా."

"ఒరే తిక్కా! ఏం మాటరా అది!"

"నువ్వుండక్కా."

"తిమ్మమ్మా, నీ తమ్ముడు బుద్ధిమంతుడు. తన కూడు పోయినా నిజమే చెప్పినాడు. నేనే వీణ్ణి ఊరికే అనుమానించినా. మా మంత్రాలయం రాయరే నా కండ్లు తెరిపించినారు. విను తిక్కయ్యా, ఈ చిన్నబండితో కాదని సావుకారికి నేనెప్పుడో చెప్పినా. బళ్ళారిలో పెద్ద లోడరు మాట్లాడేసినారు. శుక్రవారం దిగుతుంది. దీనికి రెండింతలుంటుంది. దానికి నువ్వే డ్రైవరువి."

"సామీ... పెద్దదా?"

"ఏనుగు మాదిరి ఉందంట. అది వచ్చినాక ఒక్క గంప కూడా అక్కర్లేదు. ఏం తిమ్మమ్మా, మొగం అట్ల పెట్టినావు? నిన్ను మరిచిపోతానా? మోసే పని లేకపోయినా పొద్దున్నే వచ్చి పసుపు పెట్టిపో. నీ చెయ్యి మంచిది. కొత్త బండికి మొదటి పసుపు నీ చేత్తోనే పడాల."

"అట్లే సామీ, వస్తా. పెద్ద మొగమంటాండారు గదా, పసుపు శానా పడ్తాది, అది మీరు తెప్పీయండి. బెల్లం నేను ఇంటికాణ్ణించి తెస్తా."